ఆ తుంగ ఎస్తేరమ్మది కాదు

మొన్న మా మనవరాలికి నలుగుపిండి కొట్టించడానికి నంద్యాలలో మూలికలమ్మే అంగడికి వెళ్ళాను. కచ్చూరాలు, బావంచాలు, కస్తూరి పసుపు, ఎండు గులాబీ రేకులు ఒక్కొక్కటే తూచి కాగితంలో పోస్తున్న అంగడాయన చివరికి ఒక గాజుసీసా మూత తీశాడు. తడిమట్టి, కొంచెం కర్పూరం, కొంచెం పాత పెట్టె చెక్క కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు తెలియకుండానే రెండు చేతులూ చొక్కాకు తుడుచుకున్నాను. చేతుల్లో ఏమీ లేదు. సీసాలో ఉన్నవి తుంగముస్తలు. పొలాల్లో కలుపుగా మొలిచే తుంగ గడ్డలే కడిగి, పీచు తీసి, ఎండబెట్టినవి. ఇవి ఎక్కడివో తెలుసా అని అడిగితే, ఏదో అడవి నుంచి వస్తాయన్నా అన్నాడాయన.

ఆళ్ళగడ్డకు కూతవేటు దూరంలో, కాలువ చివరి భూములున్న మా ఊళ్ళో ఆ మొక్కను ఎవరూ ఉత్త తుంగ అనరు. ఎస్తేరి తుంగ అంటారు. నలభై ఏళ్ళుగా అంటున్నారు. ఎస్తేరి ఎవరో తెలియని పిల్లలు కూడా అంటున్నారు. కలుపు మందు లేకుండా బీడు మడిని బాగు చేయొచ్చని ఎవరైనా నోరు తెరిస్తే, ఎస్తేరి చేసినట్టు చేస్తావా అని నవ్వుతారు. ఆ పేరు అబద్ధం. ఆ అబద్ధం పుట్టింది నా నోట్లో. ఇన్నేళ్ళు మింగి కూర్చున్న ఆ సంగతి రాయడానికే ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను. మా బంధువుల్లో కొందరికి ఇది నచ్చదు. నచ్చకపోతే మానె.

నా చిన్నతనంలో మా ఐదెకరాల మడి అంటే ముందుగా గుర్తొచ్చేది నీళ్ళ చప్పుడు. కాలువ వదిలారన్న కబురు రాగానే మా నాయన పార భుజాన వేసుకొని గట్ల వెంబడి తిరిగేవాడు. ఎర్రటి నీళ్ళు నల్లరేగడి పగుళ్ళలోకి బుడగలు వేసుకుంటూ దిగుతుంటే నేను గట్టుమీద బోర్లా పడుకొని, ఏ పగులు ఎన్ని బుడగలు వేస్తుందో చూస్తూ ఉండేవాణ్ణి. తర్వాత దమ్ము, ఎద్దుల కాళ్ళ కింద బురద చేసే చప్పుడు, వాటి వెనకే తెల్లకొంగలు, కాలివేళ్ళ మధ్య జారిపోయే నత్తలు, నాట్లు వేసే ఆడవాళ్ళ నడుముల్లో దోపుకున్న చీర కుచ్చిళ్ళు. వడ్లు ఇంటికొచ్చిన రోజు మా జేజి, అంటే మా నాయనమ్మ, కొత్త బియ్యం కడిగిన నీళ్ళు పారబోయనిచ్చేది కాదు. వాటిని కుడితిలో కలిపి ఎద్దులకు తనే తాపేది. ఉగాదికి ఓళిగలు చేస్తే మొదటిది మాకు కాదు, వాటికే.

నేను నాలుగో తరగతికి వచ్చిన ఏడు నీళ్ళు చివరిదాకా రాలేదు. ఆ మరుసటేడూ రాలేదు. కాలువ పైవాళ్ళు అడ్డం వేసుకున్నారని మా నాయన తిట్టుకునేవాడు. ఎందుకు రాకపోతేనేం, మడి బీడు పడింది. వరి మడి సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. నీళ్ళు నిలిచినంత కాలం ఈ తుంగ నేలలో ముడుచుకొని పడి ఉంటుంది. నీళ్ళు పోయి, ఎవరూ దున్నకుండా వదిలేస్తే, ఒక్క వాన చాలు. పైకి కనిపించేది గడ్డిపోచంత ఆకు. కింద ఒక గడ్డ, దానికి దారంలాంటి వేరు, ఆ వేరు చివర ఇంకో గడ్డ, అట్లా జానెడు లోతు దాకా పూసల దండలా పోతుంది. ఆకు పీకితే దారం తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది. అది వారానికి రెండు ఆకులు వేస్తుంది. రెండేళ్ళలో మా మడి దూరం నుంచి చూసేవాళ్ళకు పచ్చటి నారుమడిలా కనిపించేది. బస్సులో పోయేవాళ్ళు, ఎంత బాగుందో అనుకొని ఉంటారు.

అప్పుడు మా నాయన ఎస్తేరమ్మను పిలిపించాడు. ఊరికి తూర్పున చర్చి దగ్గర వాళ్ళ ఇల్లు. పన్నెండు మంది ఆడవాళ్ళ గుంపుకు ఆమె పెద్ద. పొట్టిగా, గట్టిగా, మోకాళ్ళ పైదాకా చీర ఎగగట్టి ఉండేది. మా నాయనకంటే వయసులో పెద్దదయినా మా ఇంట్లో అందరూ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. పదకొండేళ్ళ నేనూ ఎస్తేరీ అనేవాణ్ణి. అది తప్పని నాకెవరూ చెప్పలేదు. ఆమె మడిలోకి దిగి, ఒకచోట చిన్నపారతో తవ్వి, ఒక గడ్డను గోటితో గిల్లి లోపలి తెలుపు చూసి, దీన్ని పీకగూడదు, దప్పికతో చంపాల అంది.

ఆమె పద్ధతి ఇది. నేను కళ్ళారా చూసింది, ఈనాటికీ మరిచిపోనిది. శివరాత్రి దాటాక నేలలో కొంచెం పదును ఉన్నప్పుడు ఎద్దులతో లోతుగా దున్నించాలి. పైకొచ్చిన పెళ్ళలను పగలగొట్టకూడదు. తలకిందులుగా తిరగేసి, గడ్డలున్న వైపు ఎండకు పెట్టాలి. పది రోజులకొకసారి మళ్ళీ తిరగేయాలి. పెళ్ళ ఎండి దానంతటదే విరిగినప్పుడు లోపలి గడ్డలు ఏరి గంపల్లోకి వేయాలి. ఏరినవాటిని గట్టుమీద వదలకూడదు, కాలువలో వేయకూడదు, ముఖ్యంగా పెంట దిబ్బలో వేయకూడదు. దూరంగా రాతి బండమీద పరిచి, కదిలిస్తే గలగలమనేదాకా ఎండబెట్టి కాల్చాలి. తొలకరికి ఆ మడిలో జీలుగ గానీ జనుము గానీ ఒత్తుగా చల్లాలి. మిగిలిన ఒకటీ అరా మొలిచినా వాటికి ఎండ తగలదు. తుంగకు నీడ అంటే చావే. పూతకొచ్చిన జీలుగను అక్కడే తొక్కించేస్తే నేలకు బలం. ఇట్లా రెండేళ్ళు చేస్తే, నీళ్ళు ఎప్పుడొచ్చినా మడి వరికి సిద్ధంగా ఉంటుంది. ఒక్క చుక్క మందు అక్కర్లేదు.

ఆమె ఇంకో సలహా కూడా ఇచ్చింది. చివర్లో పందుల మందను వారం రోజులు మడిలోకి తోలిస్తే మనిషి కంటికి కనిపించని గడ్డలు కూడా అవి తవ్వి తినేస్తాయంది. మా జేజి ఆ మాట విని, పంది తొక్కిన మట్టిలో పండింది దేవునికి ఎట్లా పెట్టేదని రెండు రోజులు అన్నం మానేసింది. పందుల మాట అక్కడితో ఆగిపోయింది.

నెల రోజుల పైన ఆ గుంపు మా మడిలో పని చేసింది. ఎండ పెళ్ళల మీద నుంచి ఆవిరిలా ఊగుతుంటే పన్నెండు మంది ఒకే వరసలో వంగి, పెళ్ళ తిరగేసి, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ వంగేవాళ్ళు. ఎవరి అత్త ఎవరిని ఏమందో, ఎవరి మొగుడు సారాయి తాగి ఏ గుంతలో పడ్డాడో ఆ వరస పొడుగునా ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచేది. నేను మజ్జిగ ముంత తీసుకొని వెళ్ళేవాణ్ణి. మధ్యాహ్నం తుమ్మచెట్ల పలచటి నీడలో వాళ్ళు సద్దులు విప్పితే జొన్నరొట్టె, ఎర్రగడ్డ, రోట్లో నూరిన ఊరుబిండి వాసన కలిసి నా ఆకలి లేపేది. వాళ్ళ తిండి నేను తినకూడదని ఇంట్లో మాట. ఎస్తేరమ్మ రొట్టెముక్కలో ఊరుబిండి పెట్టి, మడిచి, ఎవరూ చూడకుండా నా చేతిలో పెట్టి అటు తిరిగి కూర్చునేది. ఇంటికి పోయి మూతి కడుక్కునేవాణ్ణి.

ఏరిన గడ్డలు పాతిక గంపల దాకా గట్టుమీద కుప్పపడినప్పుడు మట్టల ఆదివారం దాటింది. ఈస్టరు అయ్యేదాకా నాలుగు రోజులు గుంపు పనికి రాదని ఎస్తేరమ్మ మా నాయనతో ముందే చెప్పుకుంది. గడ్డలు బండకు చేర్చే పని నాకు పడింది. నాకు బడి సెలవులు. బండ మడికి అర మైలు. ఆమె నన్ను అక్కడికి తీసుకుపోయి, ఎంత పలచగా పరచాలో, ఎప్పుడు కలబెట్టాలో చూపించి వెళ్ళింది.

మొదటి రోజు మూడు గంపలు మోశాను. మధ్యాహ్నానికి ఆ రాయి పెనంలా కాలింది. ఆళ్ళగడ్డలో సైకిలు అద్దెకు తెచ్చుకొన్న నా జతగాళ్ళు దారిలో కేకలు వేస్తూ పోతున్నారు. మా పెంట దిబ్బ మడి పక్కనే, కళ్ళం దొడ్డి గోడ వెనక ఉంది. రెండో రోజు పొద్దున మిగిలిన గంపలన్నీ ఒకటి తర్వాత ఒకటి అందులో తలకిందులు చేశాను. పైన పేడ, పొట్టు, ఎండుగడ్డి కప్పాను. తర్వాత సైకిలు తొక్కడానికి పోయాను. మూడు రోజులు తొక్కాను. నాలుగో రోజు, బండమీద బూడిద ఉండాలి కదా అని గుర్తొచ్చి, ఎండుటాకులూ కంపా పోగేసి కాల్చాను. పదకొండేళ్ళ పిల్లవాడు ఏమీ తెలియక చేశాడని నన్ను వెనకేసుకొచ్చేవాళ్ళకు ఆ బూడిద సంగతి చెబుతాను. తెలిసే చేశాను.

పండగ అయ్యాక ఆమె వచ్చి బూడిదను దూరం నుంచే చూసింది. వాళ్ళ ఇంట్లో చేసిన తీపి రొట్టె కొంగులో కట్టుకొచ్చి నాకు పెడుతూ అడిగింది.

"అన్నీ గలగలమన్నాయా అబ్బీ?"

"గలగలమన్నాయి," అన్నాను, నోట్లో రొట్టె పెట్టుకొనే.

తొలకరి ముందు దిబ్బ తోలారు. మడికి కాదు. ఎస్తేరమ్మ తీర్చిన మడిలో జీలుగ చల్లుతున్నాం కాబట్టి పెంట అంతా మెట్టచేనుకు పోయింది. మా నాయన ఉదారంగా పది బండ్లు పక్కచేను నరసింహులుకు కూడా ఇచ్చాడు. వానలు పడ్డాయి. ఎస్తేరమ్మ బాగు చేసిన మడిలో జీలుగ నా తలెత్తు పెరిగింది. కింద చేత్తో వెతికినా తుంగ పోచ దొరకలేదు. ఈ మాట నేను ఊరి నడుమ నిలబడి ఎన్నిసార్లయినా చెబుతాను. కానీ మెట్టచేలో, నరసింహులు చేలో, పెంట కుప్పలు దించిన ప్రతిచోటా తుంగ గుండ్రంగా, బండిచక్రమంత మేర లేచింది. ఆ గుండ్రాలు చూసిన రోజు నాకు జ్వరం వచ్చింది. జేజి దిష్టి తీసింది.

పెద్దవాళ్ళెవరూ ఆ గుండ్రాలను పట్టించుకోలేదు. ఇన్నాళ్ళూ మడిలో ఉన్న తుంగ చేలల్లోకి ఎట్లా వచ్చిందంటే, ఆ ఆడవాళ్ళు గడ్డలు తెంపి తెంపి కాళ్ళతో, గంపలతో ఊరంతా చల్లారని తేల్చారు. నరసింహులు మా ఇంటికొచ్చి గొడవపడ్డాడు. మా నాయన ఎస్తేరమ్మను పిలిపించాడు. ఆమె వాకిలి బయట నిలబడింది. నేను లోపల గడప దగ్గర కూర్చొని బొరుగుల ఉగ్గాని తింటున్నాను.

"ఏమ్మే, తుంగ తీయమంటే ఊరంతా నాటిపోయినావే," అన్నాడు మా నాయన.

"ఒక్క గడ్డ వదల్లేదప్పా. ఏరినేవి ఏరినట్టు గట్టుమింద పోసినాం." ఆమె మా నాయన మీది నుంచి చూపు తిప్పి నావైపు చూసింది. "ఓబులేసా, నువ్వు చెప్పు నాయనా. అన్నీ బండమీదనే ఎండబెట్టి కాల్చినావు గదా?"

మా నాయన కూడా తిరిగి చూశాడు. నరసింహులు చూశాడు. నోట్లో బొరుగులు మెత్తగా అయిపోయేదాకా నమిలాను.

"అన్నీ కాల్చినా," అన్నాను.

నేను అన్నీ కాల్చి ఉంటే, చేలల్లో తుంగకు కారణం ఆమే అయి తీరాలి. అంత లెక్క నాకూ తెలుసు. ఆమె "సరేలే అబ్బీ," అని వెళ్ళిపోయింది.

ఆ ఏడాది నుంచి ఆ గుంపును ఎవరూ కలుపుకు పిలవలేదు. పిల్లలు ఆమె వెనక ఎస్తేరి తుంగ, ఎస్తేరి తుంగ అని అరిచేవాళ్ళు. రెండేళ్ళకు ఆమె కూతుర్ని తీసుకొని బేతంచెర్లకు, నాపరాళ్ళు మోసే పనికి పోయింది. మా నాయన జీలుగ రెండో ఏడు చల్లలేదు. మెట్టచేలో తుంగకు మందు డబ్బా తెచ్చాడు. ఆకు ఎర్రబడి మాడిపోతే ఊరంతా వచ్చి చూశారు. అయితే అది ఆకు మాత్రమే. గడ్డ నెలకు మళ్ళీ లేచింది. మళ్ళీ డబ్బా వచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెద్దయ్యాక నేను నంద్యాలలో పురుగుమందుల అంగడి పెట్టాను. ఇరవై ఏళ్ళు నడిపాను. చేత్తో తీయొచ్చా అన్నా అని ఏ చిన్న రైతు అడిగినా, మా ఊళ్ళో ఒకామె అట్లే తీసి ఏం చేసిందో తెలుసా అని ఎస్తేరమ్మ కథ చెప్పేవాణ్ణి. నవ్వు వచ్చేట్టు చెప్పేవాణ్ణి. ఆయన డబ్బా కొనుక్కొని పోయేవాడు. చిన్నప్పుడు చేసింది భయంతో అని ఎట్లాగో సర్దుకున్నాను కానీ, దీనికి ఏ సర్దుబాటూ దొరకలేదు.

ఇప్పుడు మళ్ళీ రెండేళ్ళుగా మా మడికి నీళ్ళు లేవు. అంగడి మా బావమరిదికి అప్పగించి ఊరికొచ్చేశాను. మడి నిండా తుంగ. ఎస్తేరమ్మ కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆమె కూతురు రూతమ్మ ఊరికి తిరిగొచ్చి బడిలో పిల్లలకు వంట చేస్తోంది. నా వయసే ఆమెకూ. ఒకరోజు పిల్లలు తిని వెళ్ళాక పొయ్యి దగ్గరకు వెళ్ళి, నిలబడే, ఉన్నదంతా చెప్పాను. గంపలు, దిబ్బ, బూడిద, అంగడిలో చెప్పిన కథ. ఆమె గిన్నె తోముతూ వినింది.

"మాయమ్మకు తెలుసప్పా," అంది.

ఎట్లా తెలుసని అడిగాను.

"తుంగ గుండ్రంగా లేసినాది గదా, పెంట పోసిన కాడల్లా. దిబ్బలో గడ్డలు కలిసినాయని ఆ పొద్దే కనుక్కున్యాది. అందుకే మీ నాయన ముందర నిన్ను అడిగె."

"ఆమే చెప్పొచ్చు గదా ఆ మాట."

"ఎవురు నమ్ముతారు? నువ్వు చెప్తే నమ్ముతారని నిన్ను అడిగె." ఆమె గిన్నె బోర్లించింది. "నాకు చెప్పి ఏం లాభం. ఆ పేరు యాడ పెట్టినారో ఆడ చెప్పుపో."

మరుసటి ఆదివారం పొద్దున టీ అంగడి దగ్గర, జనం నిండుగా ఉన్నప్పుడు చెప్పాను. నరసింహులుకు ఇప్పుడు ఎనభై దాటాయి. చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని విన్నాడు. ముప్పయ్యేండ్లు నడుము విరగ్గొట్టుకున్నా గదరా, ఆ పొద్దే చెప్పింటే ఏం పోయె నీ సొమ్ము, అన్నాడు. పక్కన ఒక కుర్రాడు, డబ్బాలమ్మినన్ని దినాలు గుర్తురాలేదా అన్నా అన్నాడు. రాలేదనలేదు. వచ్చినా చెప్పలేదని చెప్పాను.

"అట్లయితే అది ఓబులేసు తుంగ," అన్నాడు నరసింహులు.

"అట్లే పిలువు. నేను అడిగేది అదే," అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. చచ్చినవాళ్ళ సంగతి ఇప్పుడెందుకని మా చిన్నాయన కొడుకు చెయ్యి పట్టుకొని పక్కకు లాగాడు. చెయ్యి విదిలించుకొని మొదటినుంచి ఇంకోసారి చెప్పాను, చెవిటివాళ్ళకు కూడా వినపడేట్టు.

శివరాత్రి దాటాక మడి దున్నించాను. ఎద్దులు లేవు, ట్రాక్టరుతోనే. ఆ పన్నెండు మంది వరస లేదు. ఉత్త బీడులో, ఎండలో, పంట లేనిచోట పెళ్ళలు తిరగేయడానికి ఇప్పుడు ఎవరూ రారు. ఆ పని ఒకటుండేదని తెలిసిన ఆడవాళ్ళు ఊళ్ళో ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్ళు వంగలేరు. ఊరుబిండి పెట్టిన రొట్టె లేదు. ఆ వరసలో నడిచిన ఎగతాళి మాటలు లేవు. రెండున్నర నెలలుగా నేనొక్కణ్ణే రోజుకు కొన్ని సాళ్ళు తిరగేస్తున్నాను. రూతమ్మ చూడ్డానికి రాలేదు. నేను పిలవలేదు. క్షమించమని అడగలేదు, అది అడిగి తీసుకునేది కాదు. ఏరిన గడ్డలన్నీ బండకు నేనే మోస్తున్నాను. మోకాలు నొప్పి పెడుతోంది, పెట్టనీ. జీలుగ విత్తనాలు తెచ్చి ఉంచాను.

గట్టు దారిలో పోయేవాళ్ళు ఆగి, ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. ఇంకా కొందరు పాత పేరుతోనే అడుగుతారు, ఎస్తేరి తుంగ చస్తాందా అని. వెక్కిరించడానికి కాదు, అలవాటు. అప్పుడు పార కింద పెట్టి, గట్టెక్కి, ఆ పేరు ఎందుకు తప్పో మొత్తం చెప్పి దిగుతాను. రోజుకు రెండుసార్లయినా ఎక్కవలసి వస్తోంది. పని ఆలస్యమవుతోంది. ఎక్కుతూనే ఉంటాను.